రేపల్లెలో చూసిన తుపాకీ

తుపాకీ గొట్టంలోకి కన్ను పెట్టి చూస్తే లోపల ఎంత అందంగా ఉంటుందో నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అలాంటి మాట నా నోట వస్తే మా ఇంట్లో వాళ్ళు ముందు నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం ఉందేమో చూస్తారు. దీపావళికి పక్కింటి పిల్లలు చిచ్చుబుడ్డి వెలిగిస్తేనే లోపలికి వెళ్ళి తలుపు వేసుకునే మనిషిని. కొత్తవాళ్ళు పేరు అడిగితే రెండోసారి అడిగించుకోకుండా చెప్పిన సందర్భం నాకు గుర్తు లేదు. రోజూ డైరీ రాస్తానన్న సంగతి కూడా మా అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు, అమ్మ కూడా అది ఇంటి ఖర్చులు రాసుకునే పుస్తకం అనుకుంటుంది. ఆ డైరీలో కూడా తుపాకీ అందం గురించి రాయలేదు. రాయడానికి కూర్చున్న రోజున దాని వెనక వచ్చిన మిగతా సంగతులే ఎక్కువై, ఆ మాటకి చోటు లేకపోయింది.

పోయిన వారం అమ్మ పాసుపుస్తకంలో పద్దులు వేయించడానికి తెనాలిలో బ్యాంకుకి వెళ్ళాను. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో గన్‌మన్ కూర్చుని ఉన్నాడు. వయసు మళ్ళిన మనిషి, మీసాలకి రంగు వేసుకున్నాడు గానీ కనుబొమల సంగతి మర్చిపోయాడు. రెండు గొట్టాల తుపాకీని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, దాని మూతి మీద గడ్డం ఆనించుకోబోయి, అంతలో మేనేజరు గది వైపు చూసి మానుకున్నాడు. నేను లైన్లో నిలబడకుండా ఆ తుపాకీ ఎడమ గొట్టం వైపే చూస్తూ ఉండిపోయాను. ఎండ దాని మీద పడి కిందికి జారుతున్న చోట ఎక్కడైనా మెరుపు ఆగుతుందేమోనని వెతుకుతున్నాను. ఆయన కాసేపు ఓపిక పట్టి, "ఏంటమ్మా, ఏం కావాలి?" అన్నాడు. నా చేతిలో పెన్ను ఉండగానే "పెన్ను ఉందా అండి?" అన్నాను. ఆయన నా చేతి వైపు చూసి, జేబులోంచి ఇంకో పెన్ను తీసి ఇచ్చాడు. రెండు పెన్నులు పట్టుకుని లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చేదాకా మా మావయ్య గురించే ఆలోచన.

మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. మిలటరీలో లారీ తోలాడు. కొండల మీద, మంచులో, ఒక పక్క లోయ ఉన్న దారుల్లో తోలానని చెప్పేవాడు. కానీ ఆ కథలన్నిటిలో చివరికి లారీ చెడిపోవడమో, వంటవాడు ఉప్పు మర్చిపోవడమో ఉండేది తప్ప ఎక్కడా యుద్ధం ఉండేది కాదు. తుపాకీ గురించి అడిగితే, ఏడాదికోసారి గురి చూసి కాల్చమనేవాళ్ళు, మిగతా రోజుల్లో దాన్ని తుడిచేవాళ్ళం అనేవాడు. సర్వీసు అయిపోయి బాపట్ల వచ్చి ఇల్లు కట్టుకున్నాక అందరు మాజీ సైనికుల్లాగే బ్యాంకు గన్‌మన్ ఉద్యోగం కోసం తిరిగాడు. ఆ ఉద్యోగానికి యూనిఫారం వాళ్ళే ఇస్తారు గానీ తుపాకీ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. లైసెన్సు సొంతది, తుపాకీ సొంతది. మంగలి తన కత్తి తాను తెచ్చుకున్నట్టు ఉందని మా అమ్మ అంది. లైసెన్సుకి పెట్టుకున్న అర్జీ ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి వెళ్ళడానికి చాలా కాలం పట్టింది. చివరికి వచ్చింది. వచ్చాక ఇన్నాళ్ళలోగా తుపాకీ కొని అందులో రాయించుకోవాలన్న గడువు కూడా దానితోపాటే వచ్చింది. కొత్తది కొనే స్తోమత లేదు. గుంటూరులో ఒక పాతది చూస్తే దాని చెక్క రెండుగా పగిలి, తీగతో కట్టి ఉంది. గడువు దగ్గరపడుతున్న రోజుల్లో రేపల్లెలో ఒక పెద్ద రైతు దగ్గర పాత డబుల్ బ్యారెల్ ఉందని, అమ్మడానికి కావలసిన కాగితాలన్నీ సిద్ధంగా పెట్టుకున్నారని ఎవరో చెప్పారు. బ్యాంకు వాళ్ళేమో తుపాకీ చూపిస్తే మర్నాటి నుంచే రమ్మంటున్నారు. మావయ్య కూతురు అప్పుడే నర్సింగులో చేరింది. ఈ ఉద్యోగం రాకపోతే ఆ పిల్ల చదువు ఆగిపోతుందని మా అందరికీ తెలుసు.

ఆదివారం చర్చి నుంచి మేం ఇంటికి రాగానే మావయ్య ఫోన్ చేసి, తుపాకీ చూడటానికి నన్ను పంపమని అమ్మని అడిగాడు. అమ్మ ఫోను చెవి దగ్గర నుంచి తీసి, దాని వైపు ఒకసారి చూసి, మళ్ళీ చెవికి పెట్టుకుంది. తుపాకీ మీద ఇంగ్లీషు అక్షరాలు చిన్నవిగా చెక్కి ఉంటాయి, పిల్ల చదివిపెడుతుంది అన్నాడట. అప్పుడు నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. మా వంశంలో ఇంగ్లీషు అక్షరాలు ఉన్న ప్రతి వస్తువూ, మందు సీసా దగ్గర నుంచి మిక్సీ గ్యారంటీ కార్డు దాకా, నా దగ్గరికే వచ్చేది. కాబట్టి ఇందులో ఎవరికీ అనుమానం రాలేదు. నేను మాత్రం రెండు రోజులు కూర్చుని పాత తుపాకీలు ఎలా చూడాలో చదివాను. ఏ విషయమైనా చదివేస్తే భయం తగ్గుతుందని నా నమ్మకం. ఈసారి పెరిగింది. పాత గొట్టం చీలితే పేల్చినవాడి చెయ్యి ఏమవుతుందో కూడా అందులోనే ఉంది.

మావయ్య బాపట్ల నుంచి తెనాలి వచ్చాడు. ఇద్దరం రేపల్లె పాసింజరు ఎక్కాం. కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి, తను నాకు కుడిపక్కన కూర్చున్నాడు. జామకాయలు అమ్మే ఆవిడ ఆయన కుడివైపు నిలబడి కాయ ముఖం దాకా తెచ్చి చూపిస్తున్నా ఆయన పలకలేదు. చివరికి ఆవిడ భుజం తట్టింది. ఏదో ఆలోచనలో ఉన్నాడనుకున్నాను. దారి పొడుగునా తుపాకీ ఎలా చూడాలో చెబుతూ వచ్చాడు. మిలటరీ స్నేహితుడు ఒకడు ఫోనులో నేర్పాడట. గొట్టాల కింద ఉండే ముందు చెక్క తీసేసి తుపాకీని చెవి దగ్గర ఆడించాలి, గుళ్ళు పెట్టడానికి మడిచే చోట గలగలమంటే అరిగిపోయినట్టు. గొట్టాలు విడదీసి వేలికి తగిలించి, కణుపుతో కొట్టి వినాలి, గంటలా మోగితే అతుకు గట్టిగా ఉన్నట్టు, మొద్దుగా పలికితే వదులైనట్టు. తరవాత గొట్టాల్లోంచి వెలుతురు చూడాలి. నేను చదివింది కూడా సరిగ్గా ఇదే. ఇద్దరం ఒకే పాఠం బట్టీపట్టి పరీక్షకి వెళ్తున్న పిల్లల్లా ఉన్నాం. భట్టిప్రోలు దాటాక ఆయన గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు. బేరం దగ్గర చిన్నపిల్ల వంక పెడితే పెద్దవాళ్ళకి నచ్చదు, కాబట్టి నాకేదైనా బాగోలేదనిపిస్తే నోటితో చెప్పొద్దు, మంచినీళ్ళు అడగమన్నాడు. "నాకర్థమైపోద్దమ్మా. నేనే కనిపెట్టినట్టు మాట్లాడుకుంటా."

ఆ ఇల్లు చేరేసరికి ఎండ బాగా ముదిరింది. పెద్దాయన వసారాలో పడక కుర్చీలో కూర్చుని ఉన్నారు. మనిషి ఎండిపోయి ఉన్నా గొంతు మాత్రం చేలో ఉన్నవాళ్ళని పిలిచే గొంతే. ఆయన భార్య లోపల నుంచి వస్తూనే నా ముఖం చూసి స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది. నేను గటగటా తాగి, "ఇంకొంచెం ఇస్తారా అండి" అన్నాను. మావయ్య ఉలిక్కిపడి నా వైపు చూశాడు. తుపాకీ ఇంకా పెట్టెలోంచి కూడా బయటికి రాలేదు. ఆయన మళ్ళీ పెద్దాయన వైపు తిరిగాక, కుడిపక్క నుంచి నేను కంగారుగా తల అడ్డంగా ఊపాను. ఆయనకి అది కనిపించలేదు.

పెద్దావిడ మా బంధుత్వం అడిగి తెలుసుకుని, మేనమామతో నగల కొట్టుకి వెళ్ళాలి గానీ ఇదేం బేరమమ్మా అని నవ్వింది. పెద్దాయన మమ్మల్ని లోపలి గదిలోకి తీసుకెళ్ళి, పాత పంచెలో చుట్టిన తుపాకీని తెచ్చి మంచం మీద పెట్టి విప్పారు. వాళ్ళ నాన్న ఒక దొర దగ్గర కొన్నాడట. మా వైపు పాత వస్తువు ఏదైనా సరే, దొర వెళ్ళిపోతూ ఇచ్చిందే అయి ఉంటుంది. గోడ గడియారాలు, కుర్చీలు, తుపాకీలు అన్నీ ఇక్కడే వదిలేసి ఆ దొరలంతా ఉత్త చేతులతో ఓడ ఎక్కి ఉండాలి. గొట్టాల మధ్య పట్టీ మీద చేసినవాడి పేరు ఉండాల్సిన చోట మూడు అక్షరాలు మాత్రం మిగిలాయి. మిగతావి తరతరాల బొటనవేళ్ళ కింద అరిగిపోయాయి. ఏ దేశంలో చేశారో, ఎవరు చేశారో చెప్పే గుర్తు ఇంకేదీ లేదు. నేను ఇంగ్లీషు చదవడానికి వచ్చిన పని అక్కడితో అయిపోయింది.

మావయ్య తుపాకీ చేతిలోకి తీసుకోగానే వేరే మనిషి అయిపోయాడు. మీట నొక్కి మడిచాడు, మూశాడు, మళ్ళీ మడిచాడు. మూసుకునేటప్పుడు వచ్చే చప్పుడు పాత ట్రంకుపెట్టె మూత చప్పుడులా కాకుండా, బరువైన తలుపు మెత్తగా పడినట్టు వచ్చింది. ముందు చెక్క ఊడదీసి చెవి దగ్గర ఆడించాడు, చిన్న కదలిక కూడా లేదు. చెక్క మీద బొటనవేలు నెమ్మదిగా నడిపించి బీటలు వెతికాడు. గొట్టాలు విడదీసి, వాటి కింద ఉన్న కొక్కేన్ని వేలికి తగిలించుకుని వేలాడదీసి, రెండో చేతి కణుపుతో కొట్టాడు. చర్చి గంట కొట్టాక చివర్లో మిగిలే మోత ఉంటుందే, అది మొదటి నుంచీ మోగినట్టు మోగింది. వంటింట్లో ఉన్న పెద్దావిడ గుమ్మం దాకా వచ్చి చూసింది. మావయ్య ముఖంలో ఆ రోజు మొత్తానికి నేను చూసిన సంతోషం అదొక్కటే.

అప్పుడు గొట్టాలు ఎత్తి, ఎడమకన్ను మూసి, కుడికన్ను ఆనించి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. "అద్దంలా ఉందండి," అన్నాడు.

కిటికీ ఆయన వీపు వెనక ఉంది. గొట్టాల రెండో చివర మూలనున్న ఇనప బీరువా వైపు ఉంది. అటు వెలుతురే లేదు. అంత చీకటి పెట్టుకుని ఎవరికైనా ఏం కనిపిస్తుంది? ఒక్క క్షణం నాకర్థం కాలేదు. తరవాత జామకాయల ఆవిడ గుర్తొచ్చింది. నేను ఊపిన తల గుర్తొచ్చింది. స్టేషన్లో ఆయన నన్ను ఎప్పుడూ ఒకే పక్కన నడిపించడం గుర్తొచ్చింది. ఆ కంటికి బీరువా అయినా కిటికీ అయినా ఒకటే. గురి చూసే కన్ను అదే కాబట్టి, ఎడమది ఆనిస్తే సంగతి బయటపడుతుందని అదే పెట్టాడు. లైసెన్సుకి డాక్టరు పరీక్ష చేసిన రోజున బాగానే ఉండి ఉంటుంది. ఆ అర్జీ బల్లల మీద తిరుగుతున్న కాలంలో ఎప్పుడో పోయి ఉంటుంది. నన్ను తెచ్చింది ఇంగ్లీషు అక్షరాల కోసం కాదు. ఆయన గొట్టాలు నా చేతికి ఇస్తూ, సరదాగా నువ్వూ చూడమ్మా అన్నాడు.

నేను కిటికీ వైపు తిరిగి కుడి గొట్టంలోకి చూశాను. దూరంగా చివర కిటికీ వెలుగు చిన్న గుండ్రటి చుక్కలా ఉంది. దాని చుట్టూ వెండి వలయాలు, ఒకదాని లోపల ఒకటి, నీళ్ళలో రాయి పడ్డప్పుడు లేచే అలల్లాగా. నేను గొట్టం కొంచెం కదిపితే అవన్నీ కలిసి ఒక పక్కకి జారి మళ్ళీ వచ్చాయి. ఇంత శుభ్రమైన, ఇంత గుండ్రటి వెలుగుని నేను ఎప్పుడూ చూడలేదు. కాసేపు ఎక్కడున్నానో, ఎందుకొచ్చానో కూడా మర్చిపోయాను. తరవాత ఎడమ గొట్టంలోకి చూశాను. అదే వెలుగు, అవే వలయాలు. కానీ మూతికి జానెడు ఇవతల ఒక నల్లటి చుట్టు ఉంది. గొట్టం కదిపితే మిగతావి జరుగుతున్నాయి, అది జరగడం లేదు. బయట సరిగ్గా అదే చోట వేలు పెట్టి రాశాను. తెలిసీ తెలియనంత ఉబ్బు. చదివిన పుస్తకంలో బొమ్మతో సహా ఉన్న తప్పు ఇది. లోపల ఏదో అడ్డుపడి ఉండగా పేల్చారు. అది చెవికి దొరికే తప్పు కాదు, ఆడించినా దొరకదు. తప్పుందని తెలిసి వెతికితే తప్ప వేలికీ అందదు. ముందు కన్ను ఉంటేనే దొరుకుతుంది.

నేను మంచినీళ్ళు అడిగాను.

పెద్దావిడ, ఎండకి పిల్ల ఎండిపోయింది పాపం అంటూ మజ్జిగ తెచ్చింది. అందులో కరివేపాకు, అల్లం కూడా వేసింది. మావయ్య నా వైపు చూశాడు. వచ్చిన దగ్గర నుంచి నేను గ్లాసు దించలేదు కాబట్టి, ఇది దాహమో సంకేతమో ఆయనకి తేలలేదు. మజ్జిగ తాగాక మళ్ళీ అడిగాను, మంచినీళ్ళే కావాలండి అని. ఈసారి ఆవిడ చెంబుతోనే తెచ్చి పక్కన పెట్టింది. మావయ్య తల వంచుకుని గొట్టాలు తుడుస్తూ, అయితే తీసేసుకుందామండి అనేశాడు. పెద్దాయన నా వైపే చూస్తున్నారు. ఆ తుపాకీ మావయ్య చేతిలో పేలడం నాకు కళ్ళ ముందు కనిపించింది. నా గొంతు నాకే వినిపించనంత చిన్నగా అన్నాను.

"ఎడమ గొట్టంలో ఒక చుట్టు ఉంది మావయ్యా."

"కనిపెట్టావా అమ్మాయ్," అన్నారు పెద్దాయన. ఆ మాటలో కోపం లేదు. ఈ ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుందని ఆ ఊళ్ళో తుపాకీ ఉన్న వాళ్ళందరూ గొట్టాల మూతుల్లో నూనె గుడ్డ కుక్కి పెడతారట. వయసులో ఉండగా ఒక పొద్దున చెరువు మీద పక్షుల గుంపు దిగిందని పాలేరు కేకేస్తే, ఆయన ఒక మూతిలో గుడ్డ పీకి, రెండోది మర్చిపోయి పేల్చారు. గుడ్డ ఎగిరిపోయింది, గొట్టం చీలలేదు గానీ ఉబ్బింది. ఆ తరవాత ఎప్పుడూ ఎడమ గొట్టం ట్రిగ్గరు నొక్కలేదు. కొనడానికి చాలామంది వచ్చారని, ఎవరికీ ఈ సంగతి చెప్పలేదని, తనకు తానుగా చూసి కనిపెట్టినవాడికే ఇవ్వాలని పెట్టుకున్నానని చెప్పారు. కనిపెట్టినవాడైతే దాన్ని నొక్కడు. కనిపెట్టలేనివాడు ఎప్పుడో ఒకప్పుడు నొక్కుతాడు. "కనిపెట్టింది నువ్వు. లైసెన్సు ఈయనది. ఇప్పుడు నేనేం చేసేది?"

అప్పుడు మావయ్య వైపు తిరిగారు. "బాబూ, మీరు బీరువా వైపు పెట్టి చూశారు. ఏ కన్ను?"

మావయ్య తుడుస్తున్న గుడ్డ మంచం మీద పెట్టి, "కుడిదండి," అన్నాడు.

"ఇంట్లో తెలుసా?"

"లేదండి."

పెద్దాయన గొట్టాలు చేతిలోకి తీసుకుని, ఎడమదాని ఉబ్బు మీద బొటనవేలితో రాస్తూ నవ్వారు. మీరు అన్నది పోయి నువ్వు అన్నది వచ్చింది. "నీకు కుడికన్ను లేదు, దీనికి ఎడమ గొట్టం లేదు. ఇద్దరూ కలిసి బ్యాంకు కాస్తారంటయ్యా?"

మావయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే రెండు చేతులూ జోడించాడు. ఆయన అలా చేతులు జోడించడం నేను ప్రార్థనలో తప్ప చూడలేదు. "ఇచ్చేయండి సార్. నేను దాన్ని పేల్చనండి. పట్టుకుని నిలబడతానంతే. గడువు అయిపోతోందండి."

"పట్టుకుని నిలబడేవాడికి కర్ర చాలు. దొంగ వచ్చిన రోజున నీ వేలు మాట వినదయ్యా. రెండూ నొక్కేస్తావు." పెద్దావిడ గుమ్మంలో నుంచి, ఇచ్చేయరాదూ అని గొణిగింది. ఆయన వినిపించుకోలేదు. పంచె పరిచి గొట్టాలు, చెక్క, మిగతావి ఒక్కొక్కటే పెట్టి చుట్టేశారు. నేను నోరు విప్పకుండా ఆ సంకేతం ఎలాగో మావయ్యకి అందించి ఉంటే, ఆయన వేలితో తడిమి తనే కనిపెట్టినట్టు చెప్పేవాడు. అప్పుడు ఆ తుపాకీ ఆయనకే వచ్చేది. నా పక్కనున్న చెంబు వైపు చూడలేక గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

వాళ్ళు భోజనం చేయకుండా మమ్మల్ని కదలనివ్వలేదు. తుపాకీ ఇవ్వనన్న ఇంట్లో రొయ్యల కూర వేసుకుని తినడం ఎంత కష్టమో తిన్నవాళ్ళకే తెలుస్తుంది. కూర చాలా బాగుంది. పెద్దావిడ ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ వేస్తుంటే మావయ్య వద్దనకుండా తింటూనే ఉన్నాడు. తిరుగు రైలు వేమూరు దాటింది. తరవాత ఆయన, తుపాకీ బాగోలేదని ఇంట్లో చెప్తానమ్మా, అది అబద్ధం కాదుగా అన్నాడు. కాదు మావయ్యా అన్నాను. ఇంకెవరికీ చెప్పొద్దని ఆయన అడగలేదు. చెప్పనని నేనూ అనలేదు.

గడువు దాటిపోయింది. బ్యాంకు వాళ్ళు ఇంకొకరిని పెట్టుకున్నారు. నర్సింగు చదివే పిల్ల ఆ ఏడాది సగంలో ఇంటికి వచ్చేసి చీరాలలో ఒక బట్టల షాపులో చేరింది. మావయ్య వేటపాలెంలో జీడిపప్పు కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. పొద్దున్నే వందల మంది ఆడవాళ్ళు లోపలికి వెళ్తుంటే, ముఖాలు చూడకుండానే గొంతు బట్టి, నడక చప్పుడు బట్టి ఎవరెవరో చెప్పేస్తాడని అక్కడ ఆయనకి పేరు. మిలటరీ ట్రైనింగు అనుకునేవాళ్ళు. మా అత్తయ్య మాత్రం ఈ కథని తన పద్ధతిలో చెప్పుకునేది. ఇంటికి ఎవరొచ్చినా, చేతికొచ్చిన ఉద్యోగం ఒక పిల్ల వంక వల్ల పోయిందని మొదలుపెట్టేది. "వంకాయలు ఏరినట్టు ఏరిందంట మా వదిన కూతురు. తుపాకీలో ఏదో చుట్టంట. ఆయనేమో మిలటరీ మనిషి, బాగుందన్నారు. డిగ్రీ పిల్ల కాదంది." అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. సమాధానం చెప్పాలంటే మావయ్య కన్ను సంగతి చెప్పాలి. ఆ కన్ను నాది కాదు. నేను తల ఎత్తి మావయ్య వైపు చూస్తే, ఆయన ఎప్పుడూ కంచంలో ఏదో వెతుకుతూ ఉండేవాడు.

కొన్నేళ్ళకి ఎడమకన్ను కూడా మసకబారాక గుంటూరు తీసుకెళ్ళారు. కుడిది ఎప్పుడో పోయిందని, మొదట్లోనే వచ్చి ఉంటే ఏమైనా చేయగలిగేవాళ్ళమని డాక్టరు అన్నాడట. జీడిగింజలు కాల్చే పొగ వల్లే ఇలా అయిందని అత్తయ్య తేల్చేసింది. ఆ ఉద్యోగానికి పంపిన పాపం తనదేనని ఏడ్చింది. ఎవరూ రోజులు లెక్కపెట్టి చూడలేదు. ఆ పొగ పీల్చక ముందే ఆ కన్ను లేదని తెలిసిన వాళ్ళలో రేపల్లె పెద్దాయన అప్పటికే పోయారు. ఆ తుపాకీ ఏమైందో తెలియదు.

పోయిన నెల బాపట్లలో వాళ్ళింట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. ఎడమకంటికి ఆపరేషన్ జరిగి కొంచెం చూపు నిలబడినందుకు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, పాటలు పాడాం, భోజనాలకి కూర్చున్నాం. కొత్తగా వచ్చిన పాస్టరమ్మగారికి అత్తయ్య వడ్డిస్తూ వడ్డిస్తూ మళ్ళీ తుపాకీ కథ ఎత్తుకుంది. ఇప్పుడు అందులో కోపం లేదు. పాతబడి మెత్తబడిన కథ, చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ అలవాటైన కథ. పాస్టరమ్మగారు నా వైపు చూసి ముద్దుగా నవ్వారు. నేనూ నవ్వాను. మావయ్య కంచంలో చెయ్యి పెట్టి కదలకుండా కూర్చున్నాడు.

సాయంత్రం ఆటో ఎక్కడానికి వీధి చివరకి బయల్దేరితే, వద్దన్నా వినకుండా మావయ్య వెంట వచ్చాడు. నా మోచెయ్యి పట్టుకుని, ఎప్పటిలాగే తనకు ఎడమపక్కన నన్ను పెట్టుకుని నెమ్మదిగా నడిచాడు. నాకు ఈ ఏళ్ళన్నీ ఒకే సాయంత్రంలా అనిపించాయి. చెప్పాల్సిన మాటకి ఒక రోజు ఉంటుంది. ఆ రోజు దాటిపోయాక మిగతా రోజులన్నిటికీ తేడా ఉండదు, అన్నీ ఆలస్యమే. ఆటో వచ్చి ఆగింది. నేను ఎక్కి కూర్చున్నాక ఆయన ఆటో కమ్మీ పట్టుకుని లోపలికి వంగాడు.

"అత్తయ్య అలా అన్నప్పుడల్లా నువ్వు చెప్పేస్తావేమో అనుకునేవాణ్ణమ్మా. చెప్పేస్తే బాగుండు అని కూడా అనుకునేవాణ్ణి."